సోమేనహళ్ళి హాల్టు బండి

సులోచనమ్మ కుర్చీలోంచి లేవనంటే లేవనంది.

ఆ కుర్చీ ఆమె ఇంటిదే. ఆ ఇల్లూ ఆమెదే. తిరకాసంతా కుర్చీ వేసిన చోటులో ఉంది. కర్ణాటకలోని బాగేపల్లిలో ఎమ్మెల్యే మునికృష్ణప్ప ఇంటి వసారాలో, పొద్దున్నే అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్ళ కోసం గోడవారగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల వరస అది. పింఛను ఆగిపోయినవాళ్ళూ, బోరుకు కరెంటు రానివాళ్ళూ, కొడుక్కి ఉద్యోగం అడిగేవాళ్ళూ కూర్చునే చోటు. ఆ వరసలో చిట్టచివర, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, సాక్షాత్తూ ఎమ్మెల్యేగారి భార్య కూర్చుంది.

అర్జీదారుల్ని లోపలికి పంపే పి.ఏ. మంజునాథ పని, కరవమంటే కప్పకు కోపం విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది.

"అమ్మా, లోపలికి రాండమ్మా. జనం చూస్తాండారు."

"చూడనీలే మంజా. నాకూ అర్జీ ఉండాది. వరస ప్రకారం పిలువు."

"మీకు అర్జీ ఏందమ్మా? ఇంట్లో చెప్పుకునే మాటకు..."

"ఇంట్లో చెప్పుకునేకి నాకు ఎవురుండారప్పా? మొగుడుంటే మొగునితో చెప్పుకుందును. ఈ ఇంట్లో ఎమ్మెల్లే ఉండాడు. ఎమ్మెల్లేను చూడల్లంటే ఇదే కదా తావు?"

మంజునాథ తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. పక్క కుర్చీలోని ముసలామె ఇదంతా సగం విని సగం వినక, సులోచనమ్మ మోచేతిని తట్టింది.

"నీకేం కష్టమొచ్చెనమ్మా?"

"బస్సు కష్టమవ్వా."

"అయ్యో, మాకు తీరిపోయెలే ఆ కష్టం! మాది సోమేనహళ్ళి. ఈ గురువారం నుంచీ మాకు సర్కారు బస్సు వస్తాది. ఆడోళ్ళకు టికెట్టే లేదు. మహానుభావుడు, మైకులో చెప్పినాడు."

"ఆ బస్సే అవ్వా నా కష్టం" అంది సులోచనమ్మ. ముసలామెకు అర్థం కాలేదు. ఆమె సంతోషం చూస్తే మరో మాట చెప్పబుద్ధి కాలేదు సులోచనమ్మకు.

మొన్న ఆదివారం సోమేనహళ్ళి సభలో మునికృష్ణప్ప మైకు పట్టుకుని ఆ మాట అన్నాడు. పొద్దున ఏడు గంటలకు, ఊరి నుంచి చిక్కబళ్ళాపురానికి సర్కారు బస్సు. సరిగ్గా అదే గంటకు, అదే ఊరి నుంచి, అదే చిక్కబళ్ళాపురానికి బయలుదేరే ఇంకో బస్సుంది. దాన్ని జనం హాల్టు బండి అంటారు. రాత్రి ఊళ్ళోనే నిలిచి పొద్దున బయలుదేరుతుంది కాబట్టి ఆ పేరు. అది సులోచనమ్మది. పర్మిట్టు ఆమె పేరు మీదే ఉంది. ఆ బండి తోలే ఆంజనేయప్ప ఫోను చేసి, "అమ్మా, సారు ఇట్ల చెప్పినాడు, నిజమేనా?" అని అడిగేదాకా ఆమెకు ఈ సంగతే తెలియదు.

బస్సుల వ్యాపారంలో టైమే ఆస్తి. బండి పాతదైతే రంగు వేసుకోవచ్చు, డ్రైవరు మానేస్తే ఇంకొకణ్ణి పెట్టుకోవచ్చు. టైము పోయిందంటే ఇక బండి ఇనప సామానే. ఇంటికి దగ్గరలో ఉచితంగా వెళ్ళే బస్సు నిలబడి ఉంటే, టికెట్టు కోసే బండిలోకి ఏ ఆడది ఎక్కుతుంది? మగవాళ్ళలో సగం మంది ఎప్పుడో మోటారు సైకిళ్ళు కొనుక్కున్నారు. ఇవన్నీ మునికృష్ణప్పకు తెలియని సంగతులా? ఆయన పుట్టిందే బస్సు మెట్టు మీద అన్నట్టు పెరిగినవాడు.

అందుకే సులోచనమ్మకు కడుపు మండింది. ఆదివారం నుంచి ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇవాళ వచ్చి వరసలో కూర్చుంది.

ముసలామె పని అయిపోయింది. మంజునాథ గొంతు సవరించుకుని, పేరు పిలవలేక, "తర్వాత..." అని ఊరుకున్నాడు. సులోచనమ్మ లేచి లోపలికి నడిచింది.

మునికృష్ణప్ప బల్ల వెనక తెల్లచొక్కాలో కూర్చున్నాడు. చుట్టూ నలుగురు కార్యకర్తలు నిలబడి ఉన్నారు. భార్యను చూసి ఆయన మొహంలో నెత్తురు లేకుండా పోయింది. అంతలోనే సర్దుకుని నవ్వాడు. నవ్వడం ఆయనకు వృత్తిలో భాగం.

"నమస్కారం సార్" అంది సులోచనమ్మ. పెళ్ళయిన నాటి నుంచి ఆయన్ని నువ్వు అని తప్ప పిలిచి ఎరగదు. "సోమేనహళ్ళికి సర్కారు బస్సు వొద్దనేకి రాలేదు సార్ నేను. టైము మార్చండి. మా బండి పోయినంక ఏసుకోండి."

"అందురూ ఆ టైమే అడుగుతాండారు..." అన్నాడాయన, కార్యకర్తల వైపు చూస్తూ. "ఇస్కూలు పిల్లోళ్ళు, కెలసాలకు, కూలికి పోయేటోళ్ళు..."

"మా బండి కత మీకు తెలుసు కదా సార్. దినామూ తొలి టికెట్టు ఆడమనిషి చేతికి కోయల్ల. ఆడోళ్ళంతా మీ బస్సెక్కితే నాకు బోణీ ఎవురు చేస్తారు? బోణీ లేకుండా మా బండి కదలదు."

ఆ కట్టుబాటు తాలూకాలో అందరికీ తెలిసిందే. మొట్టమొదటి బండి కొన్న రోజు మునికృష్ణప్పే తొలి టికెట్టు కోసి కొత్త పెళ్ళాం చేతిలో పెట్టాడు. ఆమె డబ్బులిచ్చింది, ఆయన కళ్ళకద్దుకున్నాడు. అప్పటి నుంచి వాళ్ళ బళ్ళలో తొలి టికెట్టు ఆడమనిషిదే. ముందే పదిమంది మగవాళ్ళు ఎక్కి కూర్చున్నా సరే, ఒక ఆడకూతురు వచ్చి బోణీ చేసేదాకా కండక్టరు వాళ్ళ టికెట్టు కోయడు, డ్రైవరు తాళం తిప్పడు.

మునికృష్ణప్పకు ఆ రోజు గుర్తొచ్చిందో లేదో గానీ, ఆయన నాలుకకు మాత్రం రోజూ అలవాటైన మాటే గుర్తొచ్చింది.

"సరేలేమ్మా. చూస్తాము."

అనేశాక తెలిసొచ్చింది ఆయనకు, ఎవరితో అన్నాడో. కార్యకర్తల్లో ఒకడు కిటికీలోంచి బయటికి చూశాడు. సులోచనమ్మ మాత్రం ఆ మాట దగ్గరే ఆగింది. అమ్మా అట. అర్జీ ఇచ్చిన ప్రతి ఆడదానికీ ఆయన చెప్పే జవాబు తనకూ దొరికింది.

"అట్లే కానీండి సార్" అని ఆమె వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు మునికృష్ణప్ప తలుపు మూసి మరీ మొదలుపెట్టాడు.

"పదిమంది ముందర నా మర్యాద తీసేస్తివి కదే!"

సులోచనమ్మ సంగటి ముద్ద కంచంలో పెట్టి, ఊరుబిండి పచ్చడి గిన్నె దగ్గరకు జరిపింది.

"నీ మర్యాద యాడికీ పోలేదు. నాకే కొత్త మర్యాద వొచ్చింది. అమ్మా అంటివి."

"నోరు జారింది. అలవాటు."

"అవును. నన్ను అడక్కుండా చేసేదీ అలవాటే."

ఆయన ముద్ద తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. "జనం ఏమంటాండారో నీకు తెల్దు. ఎమ్మెల్లే సొంత బండి కోసరం సర్కారు బస్సు రానీకుండా చేసిండాడు అంటాండారు. ప్రతి ఊర్లో అదే మాట. ఎలక్షన్ దగ్గరకొస్తాండాది."

"ఆ మాట అబద్ధమా?"

మునికృష్ణప్ప తలెత్తాడు.

"అబద్ధమా అని అడుగుతాండా" అంది సులోచనమ్మ. "నువ్వు తొలిసారి గెలిచిన కొత్తలో డిపో మేనేజరు ఇంటికి రాలేదా? సోమేనహళ్ళికి బస్సు ఏస్తాము సార్ అని ఆయప్పంతట ఆయప్పే చెప్పలేదా? రోడ్డు బాగలేదు, ఇప్పుడొద్దు అని నువ్వు చెప్పి పంపలేదా?"

"అప్పుడు నువ్వూ ఆడనే ఉంటివి. వొద్దని నాకు చెప్పినావా?"

సులోచనమ్మకు అదీ గుర్తుంది. ఆ రోజు కాఫీ గ్లాసులు తీసుకెళ్ళింది తనే. రోడ్డు బాగలేదన్న మాట విని, అమ్మయ్య అనుకుని వంటింట్లోకి వచ్చిందీ తనే. ఆ ఊపిరి పీల్చుకోవడం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ సిగ్గు వేరు, బండి వేరు.

మునికృష్ణప్ప ఒకప్పుడు ఇంకొకరి బస్సులో కండక్టరు. ఎక్కినవాళ్ళను రెండోసారి ఊరి పేరు అడిగేవాడు కాదు. ఎవరి కూతుర్ని ఏ ఊరికి ఇచ్చారు, ఎవరి ఆవు ఈనింది, ఎవరికి ఏ కోర్టులో వాయిదా ఉంది, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. సొంత బండి కొన్నాక ఆ జ్ఞాపకమే వ్యాపారాన్ని పెంచింది. పంచాయితీకి నిలబడితే ఆ జ్ఞాపకమే ఓట్లు తెచ్చింది. తర్వాత జిల్లా పంచాయితీ, ఆ తర్వాత బెంగుళూరు అసెంబ్లీ. ఆయన మెట్లెక్కుతుంటే, బాగేపల్లి బస్టాండులో నిలబడి బళ్ళు పంపింది సులోచనమ్మ. టైరు పంక్చరైతే పరిగెత్తింది ఆమె, డ్రైవరు తాగి వస్తే తిట్టి ఇంటికి పంపింది ఆమె. బస్టాండులో పిల్లలు కూడా ఆమెను బస్సమ్మ అనే పిలిచేవాళ్ళు.

మొదటి ఎలక్షను చింతామణికి తిరిగే బండిని మింగేసింది. రెండోది బెంగుళూరు ఎక్స్‌ప్రెస్సును మింగింది. అమ్మిన ప్రతిసారీ ఆయన, "గెలిచినంక రెండు కొందాములే" అన్నాడు. గెలిచాడు. కొనలేదు. ఎమ్మెల్యేకు బస్సులెందుకన్నారు పార్టీవాళ్ళు. మిగిలింది ఈ హాల్టు బండి ఒక్కటే. పోయిన నెల కండక్టరు కూడా మానేసి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఆంజనేయప్పే తోలడమూ, టికెట్టు కోయడమూ.

"చూడు సులోచనా" అన్నాడు మునికృష్ణప్ప, ఈసారి గొంతు తగ్గించి. "ఆ మచ్చ కడుక్కోకుంటే ఈ తూరి నేను గెలిచేది లేదు."

"నీ మచ్చ కడుక్కునేకి నా బండా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్ల!"

"నీ సొమ్ము, నా సొమ్ము అని ఎప్పుడొచ్చిందే మనకు?"

"ఆదివారం వొచ్చింది." ఆమె కంచం అంచు వైపు చూస్తూ అంది. "పర్మిట్టు నా పేర్న ఉండాది. చిక్కబళ్ళాపురం పోయి, ఈ టైము నాది అని ఆక్షేపణ ఇచ్చినానంటే, అది తేలేగంట నీ సర్కారు బస్సు నిలబడాల్సిందే. తెలుసు కదా?"

తెలుసు. తెలిసే ఆయన మొహం అలా పాలిపోయింది. ఎమ్మెల్యే సర్కారు బస్సు తెచ్చాడు, ఎమ్మెల్యే పెళ్ళామే ఆపింది అని పేపర్లో వస్తే, ఇక ఎలక్షనుకు నిలబడే పనే ఉండదు.

"ఇస్తావా?"

"నువ్వు అడిగింటే బండినే ఇచ్చేసుందును" అంది సులోచనమ్మ. "చింతామణి బండి పోయేటప్పుడు అడిగితివి, ఇస్తి. బెంగుళూరు బండికీ అడిగితివి, ఇస్తి. ఈ తూరి అడగలేదు. మైకులో చెప్పేస్తివి. బయటోళ్ళు చెప్తే నేను ఇన్న్యాను."

ఆయన పెదవులు కదిలాయి. ఇప్పుడైనా అడుగుతాడు, అడిగితే చాలు అనుకుంది సులోచనమ్మ. అడిగితే ఈ క్షణమే ఇచ్చేద్దును అని మనసులో దేవుణ్ణి వేడుకుంది కూడా. అంతలో బల్ల మీది ఫోను మోగింది. బెంగుళూరు నుంచి మంత్రిగారి ఆఫీసు. మునికృష్ణప్ప ఎంగిలి చెయ్యి గాల్లో పట్టుకుని, ఎడమ చేత్తో ఫోను తీసుకుని, "హేళి సార్, హేళి" అంటూ కన్నడంలోకి దిగి బయటికి వెళ్ళిపోయాడు.

తుంచిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో గొడవ లేదు. సులోచనమ్మ వండింది, వడ్డించింది. అడిగినదానికి ఊఁ అంది, లేదంటే లేదు. బుధవారం సాయంత్రం, "రేపు సోమేనహళ్ళికి నేనూ వస్తా" అన్నది ఒక్కటే ఆమె తనంతట తాను చెప్పిన మాట.

మునికృష్ణప్పకు ప్రాణం లేచొచ్చింది. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. అది పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్ల గురించి చెప్పిన మాటని ఆయనకు తోచలేదు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన ఆడదాని మౌనానికి వేరే అర్థాలుంటాయి. మర్నాడు తెల్లారకముందే కారులో పక్కన కూర్చున్న భార్య ఒళ్ళో, కొంగు కింద టికెట్టు సంచీ ఉందని కూడా ఆయన చూడలేదు. దారి పొడవునా ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాడు.

సోమేనహళ్ళిలో పందిరి వేశారు. సర్కారు బస్సుకు అరటి పిలకలు కట్టి, బంతిపూల దండలు వేలాడదీశారు. దానికి నాలుగు మూరల దూరంలో, రోజూ నిలబడే చోటే హాల్టు బండి నిలబడి ఉంది. ఆంజనేయప్ప దాన్ని ఎప్పటిలాగే కడిగి, ముందు అద్దం కింద పసుపు కుంకాలు పెట్టాడు. కొత్తదాని పక్కన అది మరీ పాతగా కనిపించింది. సులోచనమ్మ కారు దిగి నేరుగా తన బండి దగ్గరికి వెళ్ళి మెట్టు పక్కన నిలబడింది. మంజునాథ వచ్చి వేదిక మీదికి రమ్మన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

మునికృష్ణప్ప మైకు అందుకున్నాడు. మైకు పట్టుకుంటే ఆయనకు పాతికేళ్ళ వయసు తగ్గుతుంది. రోడ్డు గురించి చెప్పాడు, బడి గురించి చెప్పాడు, ఊళ్ళో ఆడవాళ్ళ కష్టాలు పేరుపేరునా చెప్పాడు. వాళ్ళు నవ్వారు, సిగ్గుపడ్డారు. ఆ ఊపులో ఆయన చెయ్యి హాల్టు బండి వైపు తిరిగింది.

"ఆడ చూడండి, మా ఇంటామె నిలబడి ఉండాది. సులోచనమ్మ. మీ కోసరం, మీ ఆడబిడ్డల కోసరం, తన సొంత బండిని త్యాగం చేసింది! ఈ పొద్దుతో ఆయమ్మ పర్మిట్టు ఇడిసిపెడతాండాది!"

చప్పట్లు మోగాయి. ఎవరో దండ పట్టుకుని ఆమె వైపు పరిగెత్తుకొచ్చారు.

మొదటిసారి చెప్పకుండా ఇచ్చేశాడు. రెండోసారి తన పేరు పెట్టి మరీ ఇచ్చేశాడు. సులోచనమ్మ దండ తెచ్చినవాణ్ణి చేత్తో ఆపింది. కొంగు బిగించి, టికెట్టు సంచీ భుజాన వేసుకుంది.

"ఇడిసినానని ఎవురు చెప్పినారు?"

మైకు లేకపోయినా ఆ గొంతు పందిరి దాటి వినబడింది. బస్టాండులో ఇన్నేళ్ళు బళ్ళు పంపిన గొంతు అది. చప్పట్లు ఆగిపోయాయి.

"నేను ఇడవలేదమ్మల్లారా. నన్ను ఎవురూ అడగలేదు. ఇదో నా బండి, ఇదో నేను. బోణీ కాలేదు ఇంగా. మీలో ఎవురన్నా ఒగరు, ఒగే ఒగరు వొచ్చి బోణీ చేస్తే, నా బండి ఎప్పట్లానే పోతాది, దినామూ పోతాది. ఒగరూ రాకుంటే ఇడిసినట్లే అనుకోండి."

జనంలో కదలిక లేదు. సులోచనమ్మ ఒక్కొక్క మొహమే చూసింది. ఈమె కాన్పుకు వెళ్ళింది ఈ బండిలోనే. ఆమె కొడుకు పరీక్షకు ఆలస్యమైతే బండిని నిలబెట్టించింది తనే. ఇంత మందిలో ఒక్కరు రారా? వాళ్ళంతా ఆమె కళ్ళలోకి చూడలేక నేల చూపులు చూస్తున్నారు.

అప్పుడు గుంపులోంచి ఒకామె ముందుకొచ్చింది. ఆంజనేయప్ప భార్య, ప్రతిమ. చిక్కబళ్ళాపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. గబగబా వచ్చి మెట్టెక్కి, చేతిలో మడత పెట్టుకున్న నోటు సులోచనమ్మ చేతిలో పెట్టింది.

సులోచనమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. టికెట్టు కోసి ఇచ్చింది. నోటును కళ్ళకద్దుకుంది. తలెత్తి వేదిక మీది మొగుణ్ణి చూసింది. చూశావా అన్నట్టు చూసింది.

ప్రతిమ టికెట్టును సంచీలో పెట్టుకుని, మెట్టు దిగి, సర్కారు బస్సు వైపు నడిచింది.

"ప్రతిమా!" అంది సులోచనమ్మ. "యాడికి పోతాండావు?"

ప్రతిమ ఆగింది. ఆమె మొహంలో కపటం లేదు, భయం మాత్రం ఉంది.

"బోణీ చేసినా కదమ్మా. మీ బండి నిలిచిపోగూడదని చేసినా. కానీ నేను ఈ బస్సులోనే పోతానమ్మా. దినామూ."

"నీ మొగుడు తోలే బండి కదే ఇది?"

"ఆయప్ప ఇంగో బండి తోలుకుంటాడమ్మా" అంది ప్రతిమ మెల్లగా. "నాకు ఇంగో బస్సు రాదు."

ఆమె వెళ్ళి సర్కారు బస్సు ఎక్కింది. స్టీరింగు ముందు కూర్చున్న ఆంజనేయప్ప పెళ్ళాం వైపు గానీ యజమానురాలి వైపు గానీ చూడలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ప్రతిమ చేసింది చూసి ఊళ్ళో ఆడవాళ్ళకు దారి దొరికినట్టయింది. బస్సమ్మ మనసు కష్టపెట్టకుండా, తమ ఉచిత బస్సు పోగొట్టుకోకుండా, రెండూ జరిగే దారి. ఇంకొకామె వచ్చి డబ్బులు చేతిలో పెట్టి, టికెట్టు తీసుకుని, దిగి అటు ఎక్కింది. ఆమె వెనక ఇంకొకామె. "నాదీ పెట్టుకో తల్లీ", "మా కోడలి పేరున కూడా ఉండనీమ్మా" అంటూ వరస కట్టారు. ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఒకరిస్తే అది బోణీ. వరస కట్టి ఇస్తుంటే చేతిలో పడేదాన్ని ఏమంటారో సులోచనమ్మకు తెలుసు. ఆమె చెయ్యి ముడుచుకుపోయింది.

"చాలు. చాలమ్మా. ఇంగ ఒద్దు."

ఆంజనేయప్ప తల తిప్పకుండానే అడిగాడు. "బోణీ అయిందమ్మా. బండి ఎత్తేదా?"

మాట ఇచ్చింది ఆమే. ఒక్కరు బోణీ చేస్తే బండి పోతుందని పదిమందిలో చెప్పింది. ఇప్పుడు ఎత్తు అంటే, ఒక్క ఆడమనిషి లేని బండి, ఊరంతా ఎక్కిన బస్సు వెనకాల దుమ్ము తింటూ రోజూ పోవాలి. రోజూ ఎవరో ఒకరు జాలిపడి బోణీ చేసి దిగిపోవాలి. అలా బతికేదాన్ని బండి అంటారా?

సులోచనమ్మ మెట్టు దిగింది. రెండో ఆమె మొదలుకుని అందరి డబ్బులూ ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేసింది. చివరికి సర్కారు బస్సు కిటికీ దగ్గర నిలబడి, ప్రతిమ ఇచ్చిన నోటును ఆమె చేతిలో పెట్టింది.

జనం ఒక్కసారిగా అయ్యో అన్నారు. కళ్ళకద్దుకున్న బోణీని తిరిగివ్వడమంటే అంగడి మూసుకోవడమేనని తెలియనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

"వొద్దమ్మా, నా పాపం..." అని ప్రతిమ ఏడుపు గొంతుతో చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నీది పాపం కాదులే. పట్టు." సులోచనమ్మ నోటును ఆమె పిడికిట్లో కుక్కింది. తర్వాత జనం వైపు తిరిగింది. "ఇప్పుడు ఇడిసినా. ఆయప్ప చెప్పినందుకు కాదు. నేనే ఇడిసినా."

ఈసారి చప్పట్లు కొట్టిన మొదటివాడు మునికృష్ణప్ప. ఆయన మొహం వెలిగిపోయింది. గండం గడిచింది, పైగా సభ రక్తి కట్టింది. సులోచనమ్మ వేదిక మెట్లెక్కుతుంటే చెయ్యి కూడా అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. మైకు వైపు చెయ్యి చాచింది.

"మాట్లాడతావా? మాట్లాడు, మాట్లాడు" అని సంతోషంగా ఇచ్చాడు. ఇన్నేళ్ళలో ఆమె మైకు ముందు నిలబడిన పాపాన పోలేదు. రెండు మంచి మాటలు చెప్పి దిగుతుందనుకున్నాడు.

సులోచనమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మల్లారా. ఈ బస్సు మీకు ఈ పొద్దు వొచ్చింది. శానా ముందే రావల్సింది. మా ఆయప్ప తొలిసారి గెలిచినప్పుడే డిపోవాళ్ళు ఏస్తామన్న్యారు."

మునికృష్ణప్ప చప్పున దగ్గరికి జరిగి, అరచేత్తో మైకు మూసేశాడు. నవ్వు మొహం అలాగే ఉంది. పళ్ళ మధ్య నుంచి మాత్రం, "సులోచనా, వొద్దు. నీకు దండం పెడతా. అడుగుతాండా" అన్నాడు.

అడుగుతున్నాడు. ఇవాళ్టికి అడిగాడు.

ఆమె ఆయన్ని ఒక్క క్షణం చూసింది. జాలి కలిగింది, అది అబద్ధం కాదు. అయినా ఆయన వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది.

"వొస్తామన్న బస్సును ఆపింది మేమే" అంది. "ఆయప్ప వొద్దని చెప్పి పంపినాడు. నేను ఇని గమ్మునైపోతి. ఇద్దరమూ కలిసి ఆపినాము."

కార్యకర్తలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మంజునాథ మైకు వైరు ఎక్కడుందో వెతకబోయి, అక్కడే నిలబడిపోయాడు. మునికృష్ణప్ప వెనక్కి రెండడుగులు వేసి, కుర్చీ తగిలి, దానిలో కూలబడ్డాడు.

సర్కారు బస్సు కిటికీలోంచి ప్రతిమ తల బయటికి పెట్టింది. గొంతులో కోపం కూడా లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"యాలమ్మా?"

ఎవరు ఆపారో చెప్పడానికి సులోచనమ్మకు ధైర్యం చాలింది. ఎందుకు ఆపారో చెప్పడానికి మాట దొరకలేదు. ఊరంతా ఆమె నోటి వైపే చూస్తోంది.

ప్రతిమ తల లోపలికి తీసుకోలేదు. జవాబు కోసం అలాగే చూస్తూ ఉంది.